బుగ్గలు నొక్కే హెల్మెటే నా సైజు

హెల్మెట్ పెట్టుకుని మాట్లాడితే నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టు మాట వస్తుందని మా అమ్మాయి నవ్వుతుంది. నవ్వనీ. బుగ్గల్ని అట్లా పట్టుకునే హెల్మెట్ దొరకడానికి నాకు రెండేళ్లు పట్టింది, మధ్యలో రెండు హెల్మెట్లు దండగయ్యాయి. మూడోది నాలుగేళ్లు పెట్టుకున్నాను. ఈ రాసేదంతా దాని గురించే.

నేను హన్మకొండలో ఉంటాను. మల్లంపల్లి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. ములుగు రోడ్డు మీద గూడెప్పాడ్, ఆత్మకూరు, కటాక్షపూర్ మీదుగా రానూ పోనూ 70 కిలోమీటర్లు. బస్సులున్నాయి గానీ అవి బడి గంటకు కాదు, వాటి గంటకు వస్తాయి. అందుకని బండి. సెలవులన్నీ తీసేసినా ఈ నాలుగేళ్లలో 50 వేల కిలోమీటర్లు ఈ హెల్మెట్‌తోనే తిరిగాను.

కంపెనీ పేరు మాత్రం రాయను. రాస్తే చదివినవాళ్లు అదే కొనుక్కుంటారు, నా తల పొడుగు, మీ తల ఎట్లుందో నాకేం తెలుసు?

మొదటిది 2019లో బండితోపాటు షోరూంలో ఇచ్చారు. ఎల్ సైజు. నా తల చుట్టుకొలత 57 సెంటీమీటర్లని అప్పటికి నేను కొలుచుకోలేదు. "ఫ్రీగా ఉంటది మేడం, గాలి ఆడుతది" అని అక్కడి పిల్లగాడు అంటే, అదే మంచిదనుకున్నా. నిజంగానే గాలి ఆడింది. స్పీడు 50 దాటితే హెల్మెట్ కిందినుంచి గాలి దూరి పైకి లేచేది, పట్టీ గొంతుకు పట్టేది. స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగితే కళ్ల మీదికి జారేది. కటాక్షపూర్ చెరువు దగ్గర గాలి ఎక్కువ, అక్కడ ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒక చెయ్యి హెల్మెట్ మీద. ఎదురుగా ఇసుక లారీ వస్తే దాని వెనకాల వచ్చే గాలి తలను ఇటునుంచి అటు తిప్పేది. ఇంటికొచ్చేసరికి మెడ పట్టేసేది. రెండేళ్లు దాన్ని నేను స్పాండిలైటిస్ అనుకుని మెడకు మందు రాసుకున్నాను, తప్పంతా హెల్మెట్‌దని తట్టలేదు.

సిగ్గు విడిచి చెప్పాలంటే, తొమ్మిదో తరగతికి జడత్వం పాఠం చెప్పేది నేనే. బండి ఆగినా మనిషి ముందుకే పోతాడని బోర్డు మీద బొమ్మ గీసేదాన్ని. నా హెల్మెట్‌లో నా తల సంగతి అదేనని ఆలోచించలేదు. హెల్మెట్ నేలకు తగిలి ఆగుతుంది, లోపల ఖాళీ ఉంటే తల ఆగకుండా ఆ ఖాళీ దాటిపోయి అప్పుడు హెల్మెట్ లోపలి గోడకు తగులుతుంది. పైన కనిపించే గట్టి డిప్ప దెబ్బను అటూ ఇటూ పంచుతుంది. అసలు పని చేసేది దాని లోపలి థర్మకోల్. అది నలుగుతూ తలను కొంచెం నెమ్మదిగా ఆపుతుంది. ఆగడానికి పట్టే సమయం పెరిగితే తల మీద పడే బలం తగ్గుతుంది. ఒకసారి నలిగితే మళ్లీ ఉబ్బదు. ఆ థర్మకోల్‌కు తల ముందునుంచే ఆనుకుని ఉండాలి. ఇప్పుడు ఆ పాఠానికి హెల్మెట్ క్లాసుకు పట్టుకుపోతున్నా. పిల్లలకు బోర్డు మీది బొమ్మ కన్నా ఇది బాగా గుర్తుంటోంది.

రెండోది ఇంకా తమాషా. కరోనాకు మూసిన బడులు 2021 ఫిబ్రవరిలో తొమ్మిది, పది తరగతులకు తెరిచారు. ఈసారి తెలివిగా చేద్దామని జాకెట్లు కొలిచే టేపు తీసి, కనుబొమ్మలకు ఒక అంగుళం పైనుంచి, చెవుల మీదుగా, వెనక తల బాగా ఉబ్బెత్తుగా ఉన్న చోట చుట్టి కొలిచాను. మూడుసార్లు కొలిస్తే మూడుసార్లూ 57. ఆన్‌లైన్ పట్టికలో 57, 58కి ఎమ్ అని ఉంది. తెప్పించాను. పెట్టుకోగానే బాగానే ఉందనిపించింది. ఆత్మకూరు చేరేలోపు నుదుటి మధ్యలో ఎవరో బొటనవేలు పెట్టి నొక్కుతున్నట్టు మొదలైంది. బడికి పోయి తీస్తే రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ. విచిత్రం ఏమిటంటే చెవుల పైన రెండు పక్కలా వేలు దూరేంత ఖాళీ. ముందు బిగువు, పక్కల వదులు. మార్చిలో మళ్లీ బడులు మూసేదాకా రోజూ తలనొప్పి మాత్ర వేసుకున్నాను.

సైజు సరిగ్గానే ఉంది, ఆకారం తేడా. ఈ ముక్క నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే 1,800 రూపాయలు మిగిలేవి. టేపు చుట్టుకొలత చెబుతుంది గానీ, ఆ చుట్టు గుండ్రమా, కోలనా అన్నది చెప్పదు. తలస్నానం చేసి జుట్టు తడిగా అణిగి ఉన్నప్పుడు కుర్చీలో కూర్చుని, మా అమ్మాయిని స్టూలెక్కించి, పైనుంచి ఫోన్‌తో ఫోటో తీయించాను. చూస్తే కోడిగుడ్డు. ముందూ వెనకా పొడుగు, పక్కల సన్నం. ఆ హెల్మెట్ లోపలేమో చెంబు మూతిలా గుండ్రం. గుండ్రటి తలవాళ్లు కోలగా ఉన్న హెల్మెట్ పెట్టుకుంటే దీనికి తిరగబడుతుంది, కణతల దగ్గర నొక్కేస్తుంది. మా ఆయనది గుండ్రటి తల. నాకు నుదురు నొప్పి పెట్టిన ఆ హెల్మెట్ ఆయన పెట్టుకుని "ఇంత మంచిదాన్ని పట్టుకుని ఏడుస్తున్నవేంది" అన్నారు. ఆయనకే ఇచ్చేశాను.

సెప్టెంబరులో బడులు మళ్లీ తెరిచేముందు హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక దుకాణానికి పోయాను. ఈసారి ఉత్త తలతో పోలేదు. బడికి ఎట్లా పోతానో అట్లాగే పోయాను: జడ వేసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, ముఖానికి స్కార్ఫ్ కట్టుకుని. మన దగ్గర ఎండకూ దుమ్ముకూ స్కార్ఫ్ లేకుండా బండి నడిపే ఆడవాళ్లు ఎంతమంది? మరి దుకాణంలో స్కార్ఫ్ విప్పి హెల్మెట్ చూసుకుంటే అది ఇంట్లో సరిపోతుందా? నా మందపాటి స్కార్ఫ్‌తో ఎమ్ అసలు దిగలేదు. దాని కోసం ఎల్ తీసుకుంటే స్కార్ఫ్ లేని రోజు మళ్లీ వదులు. చివరికి స్కార్ఫే మార్చాను, పాత పల్చటి నూలు చున్నీ చింపి చిన్నది కుట్టుకున్నా.

ఆ దుకాణం పెద్దాయనకు ఓపిక ఎక్కువ. తొమ్మిది హెల్మెట్లు తీయించాను, విసుక్కోలేదు. ఒకటి బుగ్గల దగ్గర బాగా బిగువుగా ఉందంటే, "బుగ్గల కాడ బిగువుండాలె టీచరమ్మా, మెత్తలు నెల రోజులల్ల సర్దుకుంటయి. నుదురు కాడ నొప్పి వెడితే మాత్రం తీస్కోకు, అది సర్దుకోదు" అన్నాడు. నాలుగేళ్ల తర్వాత చెబుతున్నా, ఈ రెండు వాక్యాలకు నేనేమీ కలపలేను. బుగ్గల దగ్గర ఉండేది స్పాంజి, అది నలిగి మన ముఖానికి అలవాటు పడుతుంది. నుదుటి దగ్గర పల్చటి గుడ్డ, దాని వెనక థర్మకోల్. థర్మకోల్ మనకు అలవాటు పడదు.

పెట్టుకుని పట్టీ బిగించి తల అడ్డంగా ఊపాను. నుదుటి చర్మం, బుగ్గలు హెల్మెట్‌తోపాటే కదిలాయి. తల తిరిగినా హెల్మెట్ అక్కడే ఉండిపోతే అది వదులు కింద లెక్క. తర్వాత ఆయన వెనకనుంచి హెల్మెట్ కింది అంచు పట్టుకుని పైకీ ముందుకూ నెట్టాడు. నా తల వంగింది గానీ హెల్మెట్ ఊడలేదు. నా పాత ఎల్ ఇంటికి పోయి అట్లాగే చేసి చూస్తే, పట్టీ పెట్టి ఉండగానే ముఖం మీదినుంచి ఊడి చేతికొచ్చింది. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఇరవై నిమిషాలు దుకాణంలోనే పెట్టుకుని కూర్చున్నాను. పిల్లలెవరో వచ్చి నన్ను చూసి నవ్వుకుంటూ పోయారు. తీశాక అద్దంలో చూసుకుంటే బుగ్గల మీద అచ్చులున్నాయి, నుదురు శుభ్రంగా ఉంది. 2,400 రూపాయలు. ఐఎస్‌ఐ గుర్తు చూసుకున్నాను. గుర్తు పైన ఐఎస్ 4151 అన్న హెల్మెట్ల ప్రమాణం అంకె, కింద సీఎం/ఎల్ అని లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరు, ఈ గుర్తు ఇచ్చే సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీకి ఇచ్చారో వస్తుంది. 2021 జూన్ 1 నుంచి ఈ గుర్తు లేని హెల్మెట్ అమ్మకూడదు. అయినా రోడ్డు పక్క తాళ్లకు వేలాడేవాటిలో స్టిక్కరు ఒక్కటే ఐఎస్‌ఐ, మిగతాదంతా ప్లాస్టిక్ బకెట్.

జడ గురించి ఎవరూ రాయరు, ఎందుకంటే హెల్మెట్ల గురించి రాసేవాళ్లు ఎక్కువ మగవాళ్లే. కొప్పు పెట్టుకుంటే హెల్మెట్ వెనక దిగదు, ముందుకు వంగి కళ్ల మీదికి వస్తుంది. క్లచ్చర్ అసలు వద్దు, పడితే ఆ గట్టి ప్లాస్టిక్ పళ్లు తలకే గుచ్చుకుంటాయి. మెడ దగ్గరినుంచి మొదలయ్యే వదులు జడ ఒక్కటే కుదిరింది. శుక్రవారం మల్లెపూలు బ్యాగులో డబ్బాలో పట్టుకుపోయి బడిలో పెట్టుకుంటాను. కళ్లద్దాలు హెల్మెట్ పెట్టుకున్నాకే పెట్టుకోవాలి, కాడలు నేరుగా దూరాలి. అవి బయటికి వంగి కణతలకు గుచ్చుకుంటే ఆ హెల్మెట్ మీకు కాదు.

పెద్దాయన చెప్పినట్టే మూడు వారాలకు బుగ్గలు అలవాటు పడ్డాయి. మెడ నొప్పి పోయింది, మందు సీసా ఎక్స్‌పైరీ అయ్యింది. గాలికి కదలదు కాబట్టి రోడ్డు మీద చూపు నిలుస్తుంది. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు ముందు నెలంతా ఆ రోడ్డు ఎట్లుంటుందో పోయినవాళ్లకు తెలుసు, ఆ దుమ్ములో కూడా అద్దం దించుకుని హాయిగా పోయాను.

లోపాలు లేవని కాదు. ఆ అద్దమే దీని పెద్ద రోగం. పొడి గుడ్డతో తుడిచినప్పుడల్లా దుమ్ము గీతలు పడి, సాయంత్రం ఎదుటి బండి లైటు పడితే సాలెగూడులా కనిపించేది. నీళ్లు చల్లి తుడవాలని తెలిసేసరికి ఒక అద్దం పోయింది, మొత్తం రెండుసార్లు మార్చాను. వాన పడితే లోపల ఆవిరి పడుతుంది, కొంచెం ఎత్తిపెట్టి నడపాల్సిందే. ఎత్తితే వరికోతల కాలంలో పొద్దుగూకే వేళ పురుగులు నోట్లోకే. పైన గాలి రంధ్రానికి ఉన్న మూత మూడో ఏడు విరిగింది. మే నెల ఎండలో గాలి రంధ్రాలు ఉన్నా లేనట్టే, తల ఉడుకుతుంది. మెత్తలకు కొబ్బరినూనె పట్టి వాసన వచ్చేది, ఇవి విప్పి ఉతుక్కునే రకం కాబట్టి నెలకోసారి షాంపూ నీళ్లలో నానబెట్టేదాన్ని. మరకలు పోతాయని పెట్రోలుతో తుడుస్తారు కొందరు, దానికి ప్లాస్టిక్ దెబ్బతింటుంది.

నాలుగో ఏడాదికి బుగ్గల బిగువు తగ్గిందని నాకు తెలియలేదు. రోజూ కొంచెం కొంచెంగా వదులయ్యేదాన్ని ఏం గుర్తుపడతాం? ఒకరోజు హెల్మెట్‌లోనే ఫోన్ దూర్చి మాట్లాడేసరికి మా అమ్మాయి, "అమ్మా, నీ మాట మంచిగ వినబడ్తుందేంది?" అంది. అప్పుడు అనుమానం వచ్చింది. బుగ్గల మెత్తలు మాత్రం మార్చుకుందామని అడిగితే ఈ మోడల్‌కు విడిగా దొరకవన్నారు. కొనేటప్పుడే అడగాల్సిన ప్రశ్న అది.

మార్చుదాం మార్చుదాం అనుకుంటుండగానే అక్టోబరులో పడ్డాను. ఆత్మకూరు దాటాక రోడ్డు అంచున మక్కలు ఆరబోశారు. ఎదురుగా వచ్చిన ఆటోకు జాగా ఇద్దామని పక్కకు తీస్తే టైరు మక్కల మీదికి ఎక్కింది. గోలీల మీద నడిచినట్టే. 30 కూడా లేను. కుడిపక్కకు పడి హెల్మెట్ తారుకు రాసుకుంటూ పోయిన చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. లేచి చూసుకుంటే మోచేయి చెక్కుకుపోయింది, మోకాలు వాచింది. కళ్లద్దాలు ముఖం మీదే ఉన్నాయి. హెల్మెట్ పెట్టిన చోటునుంచి కదల్లేదు. మక్కలు ఆరబోసినాయన పరుగెత్తుకొచ్చి నీళ్లు తాగించి, నాకన్నా ఆయనే ఎక్కువ వణికాడు.

హెల్మెట్ మీద నాలుగు వేళ్ల వెడల్పున గీతలు తప్ప పగుళ్లు లేవు. "మంచిగనే ఉంది కదా" అన్నారు మా ఆయన. లోపల థర్మకోల్ ఎక్కడ నలిగిందో పైకి కనిపించదు. మరుసటి ఆదివారం అదే దుకాణానికి పోయి అదే మోడల్, అదే ఎమ్, మళ్లీ పెట్టుకుని చూసే కొన్నాను. ఈసారి మెత్తల జత ముందే అడిగాను, ఇప్పుడు దొరుకుతున్నాయి. ధర 3,100 అయ్యింది. పెట్టుకోగానే బుగ్గలు మళ్లీ నొక్కుకుపోయాయి, నాలుగేళ్ల కింద ఇంత బిగువు ఎట్లా భరించానా అనుకున్నా.

పాతదాన్ని మా మరిది పొలం దగ్గరికి పోయిరావడానికి అడిగాడు. "ఊళ్లోనే గద వదినా, ఎవరు చూస్తరు" అన్నాడు. కత్తిపీట ముందేసుకుని పట్టీ రెండు వైపులా కోసి, పాత ఇనుప సామాన్లవాడికి వేశాను. వాడు దాన్ని తిప్పి చూసి, "మంచిగున్నదాన్ని గిట్ల కోసినవేందమ్మా" అని నొచ్చుకుని, పది రూపాయలు చేతిలో పెట్టి పోయాడు.