అలైనర్లకు డబ్బు కట్టే ముందు ఎక్స్‌రే తీయమని అడగండి

కూకట్‌పల్లిలో ఒక డెంటల్ క్లినిక్‌లో అలైనర్లు (పళ్లను వరసలోకి జరిపే ప్లాస్టిక్ తొడుగులు) పెట్టించుకుని 9 నెలలు తిరిగాను. ఇప్పుడు నోరు మూస్తే ముందు పళ్లే తగులుతున్నాయి, దవడ పళ్లు రెండు వైపులా కలవడం లేదు. చపాతీ నమలడానికే కష్టంగా ఉంది. ఇంకొకరికి ఇలా జరగకూడదని రాస్తున్నాను.

నాకు కింది వరసలో పన్ను మీద పన్ను ఉండేది. చిన్నప్పుడు క్లిప్పులు వేయించలేదు. సంబంధాలు చూస్తున్నారని ఇంట్లో తొందర. ‘ఫ్రీ స్కాన్’ బోర్డు చూసి లోపలికి వెళ్లాను. నోట్లో స్కానర్ తిప్పి, నా పళ్లు ఒక్కొక్కటే వరసలోకి సర్దుకోవడం కంప్యూటర్‌లో చూపించారు. అది చూశాక ఇంకేమీ అడగాలనిపించలేదు. ఆఫర్ ఆ ఒక్కరోజే అన్నారు. 90 వేలకు ఈఎంఐ, ఆధార్, పాన్, ఓటీపీ అన్నీ కౌంటర్ దగ్గరే అయిపోయాయి. ఇదంతా మాట్లాడింది డాక్టర్ కాదు, ఒక కోఆర్డినేటర్. డాక్టర్ గారు కనిపించింది ఐదు నిమిషాలు.

ఎక్స్‌రే మాత్రం తీయలేదు. అసలు తప్పు ఇక్కడే జరిగింది. స్కానర్‌కు కనిపించేది చిగురు పైనున్న పన్ను మాత్రమే. లోపల వేరు ఎలా ఉంది, చుట్టూ ఎముక ఎంత ఉంది అన్నది ఓపీజీ (రెండు దవడలూ, పళ్లన్నీ ఒకేసారి కనిపించే ఎక్స్‌రే) లాంటి ఎక్స్‌రేలోనే తెలుస్తుంది. చిగుళ్ల జబ్బు తగ్గకుండా పళ్లు జరిపితే ఎముక ఇంకా పోతుంది. బ్రష్ చేస్తే రక్తం వస్తోందని మొదటి రోజే చెప్పాను. ‘క్లీనింగ్ చేస్తే పోతుంది’ అన్నారు, ఆ క్లీనింగ్ కూడా చేయలేదు.

నా వైపు నుంచి లోటు చేయలేదు. రోజుకు 22 గంటలు పెట్టుకున్నాను. టీ తాగాలన్నా తీసి, మళ్లీ బ్రష్ చేసి పెట్టుకునేదాన్ని. రెండు వారాలకో ట్రే, అంటే కొత్త అలైనర్. తొమ్మిదో ట్రే సరిగ్గా కూర్చోలేదు, పన్ను అంచుకూ ప్లాస్టిక్‌కూ మధ్య ఖాళీ కనిపించింది. వాట్సాప్‌లో ఫోటో పంపితే ‘నెక్స్ట్ ట్రే వేసుకోండి’ అని జవాబు. అలా ఖాళీ ఉందంటే పన్ను అనుకున్న చోటికి రాలేదని అర్థం, అక్కడ ఆగి చూడాలి. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మధ్యలో ఒకసారి పళ్ల సందుల్లో అరగదీశారు. ఎందుకో, ఎంతో చెప్పలేదు. అరిగిన ఎనామిల్ (పన్ను పైపొర) మళ్లీ రాదు.

పోయిన నెల ఎండీఎస్ (దంతవైద్యంలో పీజీ) చేసిన ఆర్థోడాంటిస్ట్, అంటే పళ్ల వరస సరిచేసే స్పెషలిస్ట్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ ముందు ఎక్స్‌రే తీయించారు. కింద ముందు పళ్ల దగ్గర ఎముక తగ్గిందట. ముందు చిగుళ్లకు వైద్యం, ఆ తర్వాతే క్లిప్పుల సంగతి అన్నారు. అలైనర్లు చెడ్డవి కావు, చాలామందికి బాగా పనిచేస్తాయి. కానీ మీ ప్లాన్ ఎవరు వేస్తున్నారు, వాళ్లు ఆర్థోడాంటిక్స్‌లో ఎండీఎస్ చేశారా, ప్రతిసారీ పళ్లు చూసేది వాళ్లేనా అని మొహమాటం లేకుండా అడగండి. నేను మొహమాటపడ్డాను.

ఈఎంఐ గురించి ఇంకో మాట. మొత్తం సొమ్ము ఫైనాన్స్ కంపెనీ నుంచి క్లినిక్‌కు మొదట్లోనే వెళ్లిపోయింది. ఇప్పుడు నేను కట్టడం ఆపితే దెబ్బతినేది నా సిబిల్ స్కోరు. అమెరికాలో స్మైల్‌డైరెక్ట్‌క్లబ్ అనే అలైనర్ల కంపెనీ 2023 డిసెంబర్‌లో మూతపడినప్పుడు వైద్యం మధ్యలో ఆగిపోయినవాళ్లను కూడా వాయిదాలు కడుతూనే ఉండమన్నారు. అందుకే సంతకం ఆ రోజే పెట్టకండి. కాగితాలు ఇంటికి తెచ్చుకుని చదవండి, మధ్యలో ఆపేస్తే ఎంత వెనక్కి ఇస్తారో రాసి ఇమ్మనండి.

నేను 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేశాను, అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. నా స్కాన్, ప్లాన్ కాపీలు మూడుసార్లు నోటితో అడిగితే ఇవ్వలేదు. సోమవారం రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు మీద స్టాంపు వేయించుకుని వచ్చాను.