పిల్లల వార్డులో మా బాబుతో 9 రోజులు (5కి 4 స్టార్లు)

మా బాబుకి మూడేళ్ళు. న్యుమోనియా వచ్చి 9 రోజులు హాస్పిటల్లో ఉన్నాం, మొదటి 2 రోజులు ఐసీయూ, మిగతా 7 రోజులు పిల్లల వార్డు. ఇంట్లో చంటిపాప ఉంది కాబట్టి మా ఆవిడ పగలు కాసేపు వచ్చి వెళ్ళేది, రాత్రిళ్ళు మొత్తం నేనే. హాస్పిటల్ పేరు రాయట్లేదు, ఇందులో ఒక కంప్లైంట్ కూడా ఉంది. ట్రీట్‌మెంట్‌కి మార్కులు వేసేంత తెలివి నాకు లేదు, నేను రాసేది ఒక్కదాని గురించే, పిల్లాడు బెడ్ మీద ఉన్నప్పుడు అమ్మానాన్నల్ని ఎలా చూశారు, ఏం చెయ్యనిచ్చారు అని.

ముందు ఐసీయూ సంగతి చెప్పేస్తా. పొద్దున 10 నిమిషాలు సాయంత్రం 10 నిమిషాలు, అంతే, మిగతా టైమంతా తలుపు బయట కుర్చీలో కూర్చోవడమే. లోపల ఏ పిల్లాడు ఏడ్చినా మనవాడేనేమో అని లేచి నిలబడటం, మళ్ళీ కూర్చోవడం. మొదటిసారి లోపలికి వెళ్తే "నాన్నా ఎత్తుకో" అని చేతులు చాపి గుక్కపట్టి ఏడ్చాడు, అంతలోనే టైమైపోయిందన్నారు. రెండో రోజు సాయంత్రం వెళ్తే ఏడవలేదు. ఒకసారి నన్ను చూసి మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు. అక్కడున్న సిస్టర్ "ఇవాళ బుద్ధిగా ఉన్నాడండీ, అలవాటు పడ్డాడు" అంది, పాపం మంచి మనసుతోనే అంది, నాకు మాత్రం ప్రాణం ఉసూరుమంది.

ఇంటికొచ్చాక దీని గురించి చదివితే తెలిసింది, ఇది కొత్త విషయమేం కాదు. జేమ్స్ రాబర్ట్‌సన్ అని బ్రిటన్‌లో ఒకాయన హాస్పిటల్లో ఒంటరిగా ఉన్న రెండేళ్ళ పాపని సినిమా తీసి 1952లోనే డాక్టర్లకి చూపించాడు. పిల్లలు మొదట గోల చేస్తారు, తర్వాత ఆశ వదిలేసుకొని డీలా పడిపోతారు, ఆ తర్వాత అమ్మ వచ్చినా పట్టనట్టు ఉంటారు, స్టాఫ్ దాన్నే "సర్దుకున్నాడు" అనుకుంటారు అని ఆయన చెప్పింది. మా వాడు గోడవైపు తిరిగింది అదే. ఆ తర్వాత 1959లో అక్కడి ప్రభుత్వం వేసిన ప్లాట్ కమిటీ పేరెంట్స్‌ని ఎప్పుడంటే అప్పుడు రానివ్వండి, చిన్నపిల్లలైతే తల్లి కూడా ఉండేలా చూడండి అని రిపోర్ట్ ఇచ్చింది. అరవై ఏళ్ళు దాటిపోయింది, మేం ఇంకా 10 నిమిషాల బోర్డు చదువుకుంటూ కూర్చున్నాం. ఇన్ఫెక్షన్ భయం ఉంటుంది నిజమే, చేతులు కడుక్కోమంటే కడుక్కుంటాం, మాస్క్ అంటే మాస్క్, గౌను అంటే గౌను. ఒక స్టార్ తగ్గించింది దీనికే.

ఇప్పుడు వార్డు. ఇక్కడికి రాగానే హెడ్ సిస్టర్ నన్ను కూర్చోబెట్టి అడిగిన మొదటి మాట "బాబుని ఇంట్లో ఏమని పిలుస్తారు, భయమేస్తే ఎలా ఊరుకుంటాడు" అని. నాకు నోట మాట రాలేదు, రెండు రోజుల్లో ఎవరూ అడగలేదు అది. వీపు మీద గుండ్రంగా రాస్తే ఊరుకుంటాడండీ అని చెప్పా, ఆవిడ అది ఫైల్లో రాసుకుంది. తర్వాత బాబు బరువు మళ్ళీ తూచారు, పిల్లలకి మందు డోసు కిలోల లెక్కన కదా, మేం గుర్తున్నంతలో చెప్పిన బరువు మీద నడవకూడదని. ఇంక అక్కడినుంచి నాకు పనులు నేర్పించడం మొదలుపెట్టారు. ఎంత తాగాడు ఎంత ఉచ్చ పోశాడు అనేది నేనే రాసేవాణ్ణి, తడిసిన డైపర్ తూచి అందులోంచి పొడి డైపర్ బరువు తీసేస్తే వచ్చే గ్రాములే సుమారుగా మిల్లీలీటర్లు అని చూపించారు. ఆయాసం ఎలా కనిపెట్టాలో షర్టు ఎత్తి చూపించారు, డొక్కలు ఎగరేస్తున్నాడా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంట పడుతోందా, ముక్కుపుటాలు ఎగురుతున్నాయా అని. మానిటర్ మీద అంకెలు చూడ్డం తగ్గించి వాడి ఛాతీ చూడ్డం అక్కడే అలవాటైంది నాకు.

నాలుగో రోజు రాత్రి జరిగింది చెప్తా. క్యాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో ఉంచే సన్నటి గొట్టం) పెట్టిన చెయ్యి, పెట్టని చెయ్యి పక్కపక్కన పెట్టి గంటకోసారి చూడండి సార్ అని సిస్టర్ చెప్పింది. తెల్లవారుజామున చూస్తే ఎడమచెయ్యి వెనకభాగం కొంచెం ఉబ్బి ఉంది, చర్మం బిగిసినట్టు మెరుస్తోంది, పట్టుకుంటే చల్లగా తగిలింది. సెలైన్ ఎక్కించే పంపు మామూలుగా తిరుగుతోంది, ఏ అలారం మోగలేదు, పిల్లాడేమో నిద్రలో మూలిగాడంతే. పిలిస్తే సిస్టర్ పరిగెత్తుకొచ్చి డ్రిప్ ఆపేసింది, సూది నరంలోంచి జరిగి సెలైన్ బయట కండలోకి పోతోందట. "మంచిపని చేశారు సార్, ఇంకో రెండు గంటలైతే చెయ్యంతా వాచేది" అంది. ఆవిడకి ఆ రాత్రి ఎంతమంది పిల్లలున్నారో నేను చూశా, నాకున్నది ఒక్కడే, కళ్ళు వాడిమీదే ఉంటాయి కదా. ఎక్కడ చూడాలో చెప్పారు కాబట్టి కనిపించింది, చెప్పకపోతే నేను పక్కనే కూర్చొని కూడా మానిటర్ చూస్తూ ఉండేవాణ్ణి.

మళ్ళీ కొత్త క్యాన్యులా పెట్టాలి. ఇంతకుముందు ఐసీయూలో పెట్టినప్పుడు ఇద్దరు అదిమి పట్టుకున్నారని మా ఆవిడ తలుపు సందులోంచి చూసి రెండు రోజులు ఏడ్చింది. ఇక్కడ మొద్దుబారే క్రీమ్ రాసి, పైన ప్లాస్టర్ వేసి గంటసేపు ఆగారు. బెడ్ మీద పడుకోబెట్టలేదు, నా ఒళ్ళో నాకు ఎదురుగా కూర్చోబెట్టి హత్తుకోమన్నారు, చెయ్యి మాత్రం నా చంక కింద నుంచి వెనక్కి పెట్టి వాళ్ళు చూసుకున్నారు. "నొప్పి ఉండదు అని మాత్రం చెప్పకండి సార్, చీమ కుట్టినట్టు ఉంటుందని చెప్పండి, అబద్ధం చెప్తే ఇంకోసారి మిమ్మల్ని కూడా నమ్మడు" అంది సిస్టర్. ఏడ్చాడు, కానీ నా భుజం మీద తలపెట్టి ఏడ్చాడు, నేను వీపు రాస్తూనే ఉన్నా, అయిపోయాక రెండు నిమిషాల్లో ఊరుకున్నాడు.

అదే బిల్డింగ్‌లో నెలలు నిండని పిల్లల యూనిట్ కూడా ఉంది, అక్కడ తల్లులు, ఒకరిద్దరు నాన్నలు కూడా, బిడ్డని గుండెకి ఆనించుకొని గంటలకొద్దీ కూర్చోవడం కనిపించేది. ఈ కంగారూ పద్ధతి 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక ఎడ్గార్ రే అనే డాక్టర్ మొదలుపెట్టిందట, ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి నెలలు నిండకుండా పుట్టిన, బరువు తక్కువున్న పిల్లలందరికీ పుట్టగానే వీలైనంత త్వరగా మొదలుపెట్టమంటోంది. ఎస్తోనియాలో తాలిన్ అనే ఊళ్ళో 1979లో నర్సులు సరిపోక అడిక్ లెవిన్ అనే డాక్టర్ చంటిపిల్లల సంరక్షణ చాలావరకు తల్లుల చేతికే ఇచ్చాడు. తర్వాత కెనడా వాళ్ళు ఆ దారి పట్టుకొని ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌తో కలిసి పెద్ద ట్రయల్ చేస్తే, 2018లో ఫలితాలొచ్చాయి, పేరెంట్స్ కూడా దగ్గరుండి చూసుకున్న పిల్లలు బరువు బాగా పెరిగారు, పేరెంట్స్‌కి ఒత్తిడి కూడా తగ్గింది. చదువుతుంటే మా సిస్టర్ డైపర్ తూకమే గుర్తొచ్చింది నాకు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి, నేర్పించడం వేరు, పని నెత్తిన పడేయడం వేరు. ఒక రాత్రి డ్యూటీలో ఉన్న ఇంకో సిస్టర్ నెబులైజర్ (మందుని పొగమంచులా చేసి పీల్పించే మెషిన్) మందు నా చేతికిచ్చి "మీకు తెలుసు కదా, పెట్టేయండి" అని వెళ్ళిపోయింది. నేను అప్పటికి రెండు రాత్రులుగా నిద్రలేను, కుర్చీలో పడుకుంటే మెడ పట్టేసింది, అలాంటివాడి చేతికి మందు ఇచ్చి చూడకుండా పోతే ఎలా? పొద్దున హెడ్ సిస్టర్‌కి చెప్పా, ఆవిడ వాదించలేదు, మందు ఏదైనా సిస్టర్ పక్కన నిలబడే ఇవ్వాలి అని అప్పటికప్పుడే అందరికీ చెప్పింది, "మీరు కూడా రెండు గంటలు వెళ్ళి పడుకోండి, నేను కూర్చుంటా" అంది, నిజంగానే కూర్చుంది. అలసిపోయాను అని చెప్తే చెడ్డ నాన్న అనుకుంటారేమో అని అప్పటిదాకా నోరు మూసుకున్నా నేను.

డాక్టర్ రౌండ్స్‌కి వచ్చినప్పుడు ముందు నన్నే "రాత్రి ఎలా ఉన్నాడు" అని అడిగేవారు, నేను చెప్పాకే ఫైల్ చూసేవారు. ఒక అటెండెంటే ఉండాలి అనే రూల్ వల్ల మా ఆవిడ రౌండ్స్ టైమ్‌కి రాలేకపోయింది, ఫోన్ స్పీకర్లో పెట్టి వినిపించా. డిశ్చార్జ్ రోజు ఇన్హేలర్, దానికి తగిలించే స్పేసర్ గొట్టం ఎలా వాడాలో చూపించి ఊరుకోలేదు, మా ఇద్దరి చేతా చేయించి చూశారు. మా ఆవిడ మాస్క్ సరిగ్గా ఆనించలేదని మళ్ళీ చేయించారు.

ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఐసీయూ గోడ సంగతి, కుర్చీ సంగతి అన్నీ రాసిచ్చా, వెనకపేజీ కూడా నిండింది. హెడ్ సిస్టర్ అక్కడే నిలబడి మొత్తం చదివి, జిరాక్స్ తీయించి ఒకటి ఐసీయూకి పంపింది.