బేస్‌బాల్ ఆడే పిల్లలకి ఏ సినిమా, ఏ వయసులో: మళ్లీ మళ్లీ చూశాక మా సమీక్ష

అమెరికాలోని తెలుగు ఇళ్లలో పిల్లలు నాలుగైదేళ్లకే టీ-బాల్‌లో (స్టాండ్ మీద పెట్టిన బంతిని కొట్టే చిన్నపిల్లల బేస్‌బాల్) చేరిపోతారు. అమ్మానాన్నలకేమో తెలిసిన ఆట క్రికెట్. అలాంటి ఇళ్లకి బేస్‌బాల్ సినిమాలు నిజంగా పనికొస్తాయి, కాకపోతే అన్నీ ఒకేలా కాదు. ఏళ్ల తరబడి పిల్లలతో కలిసి వీటిని చూశాక మేం పెట్టుకున్న కొలత ఒకటే: మర్నాడు పొద్దున గ్లోవ్ పట్టుకుని పెరట్లోకి వెళ్లారా లేదా.

ఆ లెక్కన అన్నిటికన్నా ముందుండేది 1993లో వచ్చిన 'ద శాండ్‌లాట్'. కథ జరిగేది 1962 వేసవిలో, లాస్ ఏంజెలెస్ పక్కనున్న శాన్ ఫెర్నాండో వ్యాలీలో. ఖాళీ స్థలం, కొంతమంది పిల్లలు, అంతే. కోచ్ లేడు, అంపైర్ లేడు, గ్యాలరీలోంచి అరిచే పెద్దవాళ్లూ లేరు. కొత్తగా వచ్చిన స్మాల్స్‌కి బంతి విసరడం కూడా రాదు. బెన్నీ వాడికి ఒక గ్లోవ్ ఇచ్చి, దాన్ని పైకెత్తి నిలబడితే చాలు, మిగతాది తను చూసుకుంటానంటాడు. కొట్టిన బంతి నేరుగా వచ్చి ఆ గ్లోవ్‌లోనే పడుతుంది. స్మాల్స్ మాత్రం కళ్లు గట్టిగా మూసుకునే ఉంటాడు.

సినిమా అక్కడ ఆపి పిల్లలతో మాట్లాడండి. కళ్లు మూసుకోవడం, మొహం పక్కకి తిప్పేయడం కొత్తగా ఆడే ప్రతి పిల్లాడూ చేసేదే. మన ఇళ్లలో ఈ భయాన్ని పెంచేది క్రికెట్ అలవాటు. రెండు అరచేతులూ దోసిలిపట్టమంటాం. గ్లోవ్‌తో అలా పట్టరు. నడుముకి పైన వచ్చే బంతికి గ్లోవ్ వేళ్లు పైకి, నడుముకి కింద వచ్చేదానికి వేళ్లు కిందకి ఉండాలి. బంతి అరచేతి మీద కాకుండా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనున్న అల్లిక దగ్గరి గుంటలో పడాలి. అరచేతి మీద పడితే చెయ్యి మండిపోతుంది, రెండోసారి మొహం దానంతటదే పక్కకి తిరుగుతుంది. టీ-బాల్ వయసుకి 9 లేదా 10 అంగుళాల గ్లోవ్ సరిపోతుంది. పెద్దయ్యాక కూడా వాడుకోవచ్చని 12 అంగుళాలది కొంటే, దాన్ని మూసే బలం చిన్న వేళ్లకి ఉండదు. పట్టిన బంతి కూడా జారిపోతుంది.

ఇదే సినిమా చూశాక పిల్లలు అడిగే ఇంకో ఆట 'పికిల్'. రెండు బేస్‌ల (పరిగెత్తేవాడు ఆగే చోట్లు) మధ్య చిక్కుకున్న పిల్లాణ్ణి బంతితో తాకి ఔట్ చేయడానికి ఇద్దరు తరమడం. చిన్నపిల్లలకైతే బేస్‌ల మధ్య 40 అడుగులు పెట్టండి, టెన్నిస్ బంతి వాడండి. బంతి ఉన్నవాడు దాన్ని గ్లోవ్‌లోంచి తీసి చెవి ఎత్తున పట్టుకోవాలి, అవతలివాడికి కనబడాలి కదా. అలాగే పట్టుకుని పూర్తి వేగంతో మీదకి పరిగెత్తాలి. తరమడం ఎప్పుడూ వెనక బేస్ వైపుకే. తరిమే ఇద్దరూ రెండు బేస్‌లని కలిపే గీతకి ఒకే పక్కన ఉండాలి. చెరో పక్కన ఉంటే విసిరిన బంతి పరిగెత్తేవాడి వీపుకి తగులుతుంది. ఊరికే అటూ ఇటూ విసురుకుంటూ ఉంటే ఎప్పుడో ఒకసారి బంతి జారుతుంది, వాడు తప్పించుకుంటాడు. ఒకటి రెండు విసుర్లలో ముగించడం నేర్పాలి.

జాగ్రత్తలూ ఉన్నాయి. పొగాకు నమిలి రంగులరాట్నమెక్కి వాంతులు చేసుకునే సీన్ ఉంది. లైఫ్‌గార్డ్‌ని మోసం చేసి ముద్దు పెట్టుకోవడం ఈ రోజుల్లో నవ్వి వదిలేసేది కాదు, ఆడపిల్లల్లా ఆడుతున్నావనే తిట్టు కూడా అంతే. రెండిటి గురించీ అప్పటికప్పుడే చెప్పాలి. కంచె అవతలి కుక్కని చూసి ఆరేళ్లలోపు వాళ్లు భయపడతారు. చివర్లో బెన్నీ హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు, పరుగు పూర్తయ్యే ఆఖరి బేస్) 'దొంగిలించడం', అంటే బ్యాటర్ కొట్టకుండానే అక్కడికి పరిగెత్తి చేరడం, అద్భుతంగా ఉంటుంది గానీ, పన్నెండేళ్ల వరకు పిల్లలు ఆడే లిటిల్ లీగ్ పోటీల్లో పిచ్చర్ విసిరిన బంతి బ్యాటర్‌ని చేరేదాకా బేస్ వదలకూడదు. తల ముందుపెట్టి ముందు బేస్‌లోకి దూకితే ఔట్.

'రూకీ ఆఫ్ ద ఇయర్' కూడా 1993దే. చెయ్యి విరిగి అతుక్కున్నాక పన్నెండేళ్ల పిల్లాడు షికాగో కబ్స్ అనే ప్రొఫెషనల్ జట్టుకి మెరుపు వేగంతో పిచ్ చేస్తాడు, అంటే బ్యాటర్‌కి బంతి విసురుతాడు. ఎనిమిదేళ్లవాళ్లకి భలే నచ్చుతుంది. కానీ ఎముక విరిగితే బలం రాదని స్పష్టంగా చెప్పాలి. లిటిల్ లీగ్‌లో రోజుకి ఏడెనిమిదేళ్లకి 50, తొమ్మిది పదేళ్లకి 75, పదకొండు పన్నెండేళ్లకి 85 పిచ్‌లే హద్దు. 66 లేదా అంతకన్నా ఎక్కువ వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి. ఈ అంకెలు సినిమా చూసిన రోజే చెబితే గుర్తుంటాయి.

పదేళ్లు దాటినవాళ్లకి 'ద రూకీ' (2002). 35 ఏళ్ల వయసులో, 1999లో మేజర్ లీగ్‌లో (అమెరికాలో అన్నిటికన్నా పై స్థాయి ప్రొఫెషనల్ బేస్‌బాల్) తొలిసారి ఆడిన టెక్సస్ టీచర్ జిమ్ మోరిస్ నిజ జీవితం. జీ రేటింగ్ (అన్ని వయసులవాళ్లూ చూడొచ్చు), అభ్యంతరకరమైనది ఏమీ లేదు. నిదానంగా నడుస్తుంది, చిన్నవాళ్లు కూర్చోరు. రోడ్డు పక్క స్పీడ్ బోర్డు ముందు బంతి విసిరి వేగం చూసుకునే సీన్ పిల్లలకి బాగా పట్టేస్తుంది, ఆ తర్వాత అందరికీ వేగమే కావాలి. ఆ వయసులో ముందు కావాల్సింది గురి.

ఆడపిల్ల ఆడుతుంటే 'ఎ లీగ్ ఆఫ్ దెయిర్ ఓన్' (1992) తప్పనిసరి. 1943లో మొదలైన మహిళల లీగ్ కథ. ఆఖరి ఆటలో హోమ్ ప్లేట్ దగ్గర క్యాచర్‌ని (క్రికెట్‌లో వికెట్‌కీపర్‌లాంటి ఆటగత్తెని) గుద్ది బంతి జారేలా చేస్తారు. లిటిల్ లీగ్‌లో అది కుదరదు. బంతి పట్టుకుని ఎదురుచూస్తున్న ఫీల్డర్ ఉంటే స్లైడ్ చేయాలి (నేల మీద జారుతూ బేస్ చేరాలి), లేదా పక్కనుంచి తప్పుకుని వెళ్లాలి.

'ఏంజెల్స్ ఇన్ ది అవుట్‌ఫీల్డ్'లో దేవదూతలే క్యాచ్‌లు పట్టిస్తారు. పిల్లలు కంటతడి పెడతారు గానీ ఆట నేర్చుకోరు.

మన ఇళ్లలో ప్రత్యేకంగా చూడాల్సింది 'మిలియన్ డాలర్ ఆర్మ్' (2014). జావెలిన్ విసిరే రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఇండియాలో పిచ్చర్లని వెతకడానికి పెట్టిన 2008 పోటీలో మొదటి రెండు స్థానాల్లో నిలిచి పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టుతో ఒప్పందం చేసుకున్న నిజ కథ. మోచేయి చాపి వేసే బౌలింగ్‌కీ, మోచేయి వంచి విసిరే పిచింగ్‌కీ తేడా పిల్లలకి చూపించడానికి బాగుంటుంది. ఏజెంట్ వ్యవహారాలు ఎక్కువ కాబట్టి పదేళ్ల తర్వాతే పెట్టండి.

'బ్యాడ్ న్యూస్ బేర్స్' (1976)కి పీజీ (పెద్దల సలహాతో పిల్లలు చూడొచ్చు) అని రేటింగ్ ఉందని మోసపోకండి, పిల్లల నోటే బూతులూ జాతి తిట్లూ ఉంటాయి. నల్లజాతివాళ్లని రానివ్వని మేజర్ లీగ్‌లో ఆ అడ్డుగోడ దాటిన జాకీ రాబిన్సన్ మీద వచ్చిన '42' గొప్ప సినిమా. అందులోని తిట్లు వాళ్లు అర్థం చేసుకుని ప్రశ్నలడిగే వయసు, పదమూడో పద్నాలుగో వచ్చాక, పక్కన కూర్చుని చూపించండి.