పబ్లిక్ అఫైర్స్‌లో పీజీ, అప్లైడ్ సోషియాలజీ ఫోకస్‌తో: పూర్తి చేశాక నా రివ్యూ

సోషియాలజీ అంటే థియరీలు బట్టీ కొట్టడమే కదా, దాంతో పీజీ చేసి ఏం చేస్తారు అని చాలామంది అడుగుతుంటారు, ఇది అలాంటి కోర్సు కాదు. ప్రభుత్వమో ఎన్జీవోనో ఒక స్కీమ్ పెడుతుంది, అది ఎవరికి అందింది, ఎవరికి అందలేదు, ఎందుకు అందలేదు అన్నది జనం దగ్గరికెళ్లి కనుక్కుని, నిర్ణయాలు తీసుకునేవాళ్లకి అర్థమయ్యేలా రాసివ్వడం, మొత్తం చదువు దీని చుట్టూనే తిరుగుతుంది. రీసెర్చ్ మెథడ్స్, స్టాటిస్టిక్స్, పాలసీ అనాలిసిస్, బడ్జెటింగ్, ప్రోగ్రామ్ ఎవాల్యుయేషన్, చివర్లో క్యాప్‌స్టోన్ ప్రాజెక్ట్ (నేర్చుకున్నదంతా వాడి చేసే ఆఖరి ప్రాజెక్ట్), చాలాచోట్ల సిలబస్ కాస్త అటూఇటూగా ఇలాగే ఉంటుంది. నేను చదివిన యూనివర్సిటీ పేరు మాత్రం రాయట్లేదు.

నాకు బాగా నచ్చింది రీసెర్చ్ మెథడ్స్. ఒకరోజు మేడమ్ బోర్డు మీద ఒక సర్వే ప్రశ్న రాశారు, "సిబ్బంది మర్యాదగా, త్వరగా పని చేశారా? అవును/కాదు" అని. చూడ్డానికి ఏ తప్పూ లేదు కదా, మరి మర్యాదగానే మాట్లాడి రెండు గంటలు నిలబెట్టారనుకోండి, ఆ మనిషి దేనికి టిక్ పెట్టాలి అని అడిగారు. అక్కణ్నుంచి అదే ప్రశ్నని రెండుగా విడగొట్టాం, తర్వాత "తరచుగా వస్తారా" అన్నదాన్ని "గత 30 రోజుల్లో ఎన్నిసార్లు వచ్చారు" అని మార్చాం, ఎందుకంటే తరచుగా అంటే ఒకరికి వారానికోసారి, ఇంకొకరికి ఏడాదికి రెండుసార్లు. క్లాసంతా ఒక్క పేజీ ప్రశ్నలతోనే అయిపోయింది. ఆ తర్వాత ఏ ఫీడ్‌బ్యాక్ ఫారమ్ చూసినా నాకు ముందు ఇవే కనిపిస్తున్నాయి.

అమెరికా సోషియాలజిస్ట్ డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ గురించి చదివింది కూడా ఇక్కడే. 1896-97లో ఫిలడెల్ఫియా సెవెంత్ వార్డులో ఆయన ఇల్లిల్లూ తిరిగి వివరాలు రాసుకుని 1899లో పుస్తకంగా తెచ్చారు, నల్లజాతి వాళ్ల పేదరికానికి వాళ్ల స్వభావమే కారణం అనే మాటకి ఎదురుగా ఉద్యోగాల్లో వివక్షనీ అద్దెలనీ లెక్కలతో పెట్టి చూపించారు. అప్లైడ్ అంటే ఏంటో నాకు అది చదివాకే ఒంటబట్టింది.

ఇంకో అసైన్‌మెంట్‌లో ఏదైనా ప్రభుత్వ ఆఫీసులో కౌంటర్ ఎదురుగా కూర్చుని, జరిగేది జరిగినట్టు నోట్స్ రాసుకోవాలి. కౌంటర్ దగ్గరి ఉద్యోగి రోజూ తీసుకునే నిర్ణయాలే ఆచరణలో పాలసీ అవుతాయని అమెరికా పొలిటికల్ సైంటిస్ట్ మైకేల్ లిప్‌స్కీ 1980లో రాశారు, అది కళ్లారా చూశాను. ఒకరి ఫారమ్‌లో ఒక గడి ఖాళీగా ఉంటే ఉద్యోగే పెన్ను తీసి నింపేసింది, కాసేపటికి వచ్చిన ఇంకొకాయన ఫారమ్‌లోనూ అదే గడి ఖాళీ, ఆయన్ని మాత్రం పూర్తిగా నింపుకుని రండి అని పంపేసింది. ఆయన నేనున్నంతసేపూ తిరిగి రాలేదు. రిజిస్టర్‌లో మొదటివాళ్ల పేరు ఎక్కింది, వెనక్కెళ్లిన ఆయనకి అందులో గడే లేదు. అంటే రేపు ఆ రిజిస్టర్ పట్టుకుని ఎంత పెద్ద అనాలిసిస్ చేసినా ఈయన కనపడడు, నా దృష్టిలో ఈ కోర్సు నేర్పే అసలు విషయం ఇదే.

ఇక బాగోలేనివి. స్టాటిస్టిక్స్ చాలా పల్చగా ఉంది, శాంప్లింగ్, అంటే అందర్నీ కాకుండా ఎవర్ని ఎంచుకుని అడగాలన్నది, సరిగ్గా అర్థం కాకముందే రిగ్రెషన్‌లోకి (ఒకటి మారితే ఇంకోటి ఎంత మారుతుందో లెక్కగట్టే పద్ధతి) దూకేశారు, సాఫ్ట్‌వేర్‌లో బటన్ నొక్కితే టేబుల్ వస్తుంది గానీ అందులో ఏది నమ్మాలో తెలీని పరిస్థితి. బడ్జెటింగ్ ఫర్వాలేదు.

క్యాప్‌స్టోన్ అయితే గైడ్‌ని బట్టే ఉంటుంది. మా టీమ్‌కి ఇచ్చిన సంస్థ ఒక ట్రైనింగ్ ప్రోగ్రామ్ ఎలా పనిచేసిందో చెప్పమంది, లిస్టు మాత్రం కోర్సు పూర్తిచేసినవాళ్లదే ఇచ్చింది, పూర్తిచేసినవాళ్లని అడిగితే బాగుందనే అంటారు కదా. మధ్యలో మానేసినవాళ్ల వివరాల కోసం మళ్లీ మళ్లీ అడగాల్సొచ్చింది, గైడేమో మెయిల్‌కి వారాల తరబడి రిప్లై ఇవ్వలేదు, అక్కడ డిపార్ట్‌మెంట్ మా వెనక నిలబడాలి, నిలబడలేదు. చివరికి లిస్టు వచ్చాక చూస్తే, మానేసినవాళ్లలో చాలామంది చెప్పింది టైమింగ్స్ కుదరక అని, ట్రైనింగ్ నచ్చక కాదు. రిపోర్టులో పనికొచ్చిన ముక్క అదే.

పీహెచ్‌డీ చేసి థియరీలో లోతుగా వెళ్లాలనుకునేవాళ్లు మామూలు సోషియాలజీ పీజీకి వెళ్లండి, ఇక్కడ మీకు ఆకలి తీరదు. మానిటరింగ్ అండ్ ఎవాల్యుయేషన్, సర్వే సంస్థలు, ప్రభుత్వ శాఖల్లో ప్రోగ్రామ్ అనలిస్ట్ లాంటి పనులు చేయాలనుంటే కళ్లు మూసుకుని చేరొచ్చు అనను గానీ, మంచి డిపార్ట్‌మెంట్ దొరికితే వదలొద్దు. చేరేముందు పాత క్యాప్‌స్టోన్ రిపోర్టులు ఒకట్రెండు చూపించమనండి, స్టాటిస్టిక్స్ ఎన్ని సెమిస్టర్లుందో అడగండి, ఫీల్డ్‌వర్క్ ప్రయాణం ఖర్చులు ఎవరు పెట్టుకోవాలో కూడా ముందే తేల్చుకోండి, మాకైతే ఆ సంగతి చేరాకే తెలిసింది.