రియాక్ట్ రౌటర్ 7: బ్యాక్ నొక్కితే తెలుస్తుంది

వెబ్ యాప్‌లో ఏ అడ్రస్‌కి ఏ పేజీ చూపించాలో చూసుకునే లైబ్రరీనే రౌటర్ అంటాం. ఏ రౌటర్‌నైనా చూసేటప్పుడు నేను ముందు నాలుగు పనులు చేస్తాను. లోపలి పేజీ లింక్ కాపీ చేసి కొత్త ట్యాబ్‌లో తెరుస్తాను, అక్కడే రిఫ్రెష్ కొడతాను, పెద్ద లిస్టులో బాగా కిందికి వెళ్ళి ఒకటి తెరిచి బ్యాక్ నొక్కుతాను, చివరగా మౌస్ ముట్టుకోకుండా కీబోర్డ్‌తోనే రెండు మూడు పేజీలు తిరుగుతాను. మామూలు వెబ్‌సైట్‌లో ఇవన్నీ బ్రౌజరే చూసుకుంటుంది. సింగిల్ పేజ్ యాప్‌లో పేజీ నిజంగా మారదు, బ్రౌజర్ ఇచ్చే పుష్‌స్టేట్ అనే ఫంక్షన్‌తో అడ్రస్ బార్ ఒక్కటే మారుస్తాం, కాబట్టి మిగతా బాధ్యతంతా మన నెత్తిన పడుతుంది. రియాక్ట్ యాప్‌ల కోసం వాడే రియాక్ట్ రౌటర్ ఆ బరువులో ఎంత మోస్తుందన్నదే నాకు ముఖ్యం.

లింక్ సంగతిలో మంచి మార్కులే వేస్తాను. ఫిల్టర్లు, సార్టింగ్, పేజీ నంబర్ లాంటివి యూజ్‌స్టేట్‌లో (కాంపొనెంట్ లోపలి మెమరీలో) దాచకుండా, అడ్రస్‌లోని విలువల్ని చదివి మార్చే యూజ్‌సెర్చ్‌పారమ్స్‌తో యూఆర్ఎల్‌లోనే పెడితే, ఆ లింక్ ఎవరికి పంపినా వాళ్ళకీ అదే స్క్రీన్ కనిపిస్తుంది. అయితే సెర్చ్ బాక్స్‌లో టైప్ చేసిన ప్రతి అక్షరానికీ యూఆర్ఎల్ మార్చేస్తుంటే మాత్రం రీప్లేస్ ఆప్షన్ తప్పకుండా ఇవ్వాలి, లేకపోతే ఆ అక్షరాలన్నీ హిస్టరీలోకి చేరిపోయి, పాపం యూజర్ వెనక్కి వెళ్ళాలంటే పదిసార్లు బ్యాక్ నొక్కాల్సి వస్తుంది. ఇంకొక చిన్న లోటు ఏమిటంటే ఇక్కడ చేతికొచ్చేవన్నీ స్ట్రింగులే. నంబరుగా మార్చుకోవడం, సరైన విలువో కాదో చూసుకోవడం మన పని. ఈ ఒక్క విషయంలో దీనికి పోటీగా ఉన్న ట్యాన్‌స్టాక్ రౌటర్ స్పష్టంగా ముందుంది, టైప్‌స్క్రిప్ట్ గట్టిగా వాడే టీమ్ అయితే దాన్నీ ఒకసారి చూడండి.

రిఫ్రెష్ చేస్తే 404 వస్తోందని రౌటర్‌ని తిట్టేవాళ్ళు చాలామంది కనిపిస్తారు. అందులో దీని తప్పేమీ లేదు. ఆ దారి గురించి సర్వర్‌కి తెలియదు కదా, అసలు ఫైల్ లేని ప్రతి దారికీ ఇండెక్స్ పేజీనే ఇవ్వమని సర్వర్‌లో సెట్ చేసుకోవాలి.

బ్యాక్ బటన్ దగ్గరికొస్తే, ఈ రౌటర్‌ని వాడే మూడు పద్ధతుల్లో ఒకటైన డేటా మోడ్ వాడారా లేదా అన్నది తేడా చూపిస్తుంది. లోడర్లతో (పేజీ మారేముందే డేటా తెచ్చే ఫంక్షన్లతో) రాస్తే కొత్త పేజీకి కావాల్సిన డేటా వచ్చాకే పేజీ మారుతుంది, ఒకదాంట్లో ఒకటి ఉన్న రూట్ల లోడర్లు ఒకదాని కోసం ఒకటి ఆగకుండా అన్నీ ఒకేసారి మొదలవుతాయి. స్క్రోల్‌రిస్టోరేషన్ అనే కాంపొనెంట్ ఒకటి పెడితే, లిస్టులో ఎక్కడ వదిలామో వెనక్కి వచ్చినప్పుడు అక్కడే నిలబెడుతుంది. ఇది పనిచేయడానికి కారణం లోడర్లే. పేజీ తెర మీదికి వచ్చాక నడిచే యూజ్‌ఎఫెక్ట్‌లో డేటా తెచ్చుకునే పాత పద్ధతిలో, వెనక్కి వచ్చిన క్షణానికి లిస్టు ఖాళీగా ఉంటుంది, పేజీకి పొడవే ఉండదు, ఇక ఎక్కడికని స్క్రోల్ చేస్తుంది? ఒక పరిమితి మాత్రం గుర్తుంచుకోండి: ఇది విండో స్క్రోల్‌నే చూసుకుంటుంది, లోపల విడిగా స్క్రోల్ అయ్యే డివ్ ఉంటే దాని సంగతి మీరే చూసుకోవాలి.

ఒక లింక్ నొక్కి అది లోడ్ అయ్యేలోపే ఇంకోటి నొక్కితే రౌటర్ మొదటిదాన్ని వదిలేస్తుంది. లోడర్‌కి రిక్వెస్ట్‌తో వచ్చే రద్దు సిగ్నల్‌ని, డేటా తెచ్చే ఫెచ్‌కి అందిస్తే నెట్‌వర్క్ కాల్ కూడా ఆగిపోతుంది. నాకు బాగా నచ్చినవాటిలో ఇదొకటి, చేత్తో రాసుకుంటే ఇలాంటివి సరిగ్గా కుదరడం చాలా కష్టం. కాకపోతే డేటా వచ్చేదాకా పాత పేజీయే అలా నిలబడి ఉంటుంది కాబట్టి, లోడింగ్ జరుగుతోందో లేదో చెప్పే యూజ్‌నావిగేషన్ చూసి పైన ఒక లోడింగ్ గీత అయినా చూపించాలి. లేదంటే నొక్కింది పడలేదేమో అనుకుని జనం మళ్ళీ మళ్ళీ నొక్కుతారు.

కీబోర్డ్ పరీక్షలో మాత్రం తప్పింది, నాకు ఇదే పెద్ద బాధ. పేజీ మారినా ఫోకస్‌ని (కీబోర్డ్ ప్రస్తుతం ఏ భాగం మీద ఉందో దాన్ని) కొత్త కంటెంట్ దగ్గరికి తీసుకెళ్ళదు. తెర మీది మాటల్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడేవాళ్ళకి లింక్ నొక్కాక ఏమీ వినిపించదు, అసలు ఏదైనా మారిందో లేదో కూడా తెలియదు. రియాక్ట్ రౌటర్‌ని మొదలుపెట్టినవాళ్ళలో ఒకరైన రయాన్ ఫ్లోరెన్స్ మధ్యలో చేసిన రీచ్ రౌటర్ ఫోకస్‌ని తనే చూసుకునేది. తర్వాత ఆ రెండూ కలిసినప్పుడు ఆ మంచి గుణం ఇటు రాలేదు. ఇప్పుడు ప్రతి టీమూ రూట్ మారగానే టైటిల్ మార్చి, పేజీ హెడింగ్‌కి ఫోకస్ ఇచ్చే కోడ్ సొంతంగా రాసుకోవాలి, ఆ రాయడం చాలా యాప్‌లలో జరగట్లేదు. ఇంత పెద్ద లైబ్రరీ దీన్ని డిఫాల్ట్‌గా ఇచ్చి తీరాలి.

వెర్షన్ల చరిత్ర గురించి భయపడేవాళ్ళని నేను తప్పుపట్టను. 2017లో వచ్చిన వెర్షన్ 4 దాదాపు వేరే లైబ్రరీ, 2021లో 6 వచ్చి స్విచ్ కాంపొనెంట్ స్థానంలో రూట్స్ పెట్టి, పేజీలు మార్చడానికి వాడే యూజ్‌హిస్టరీని తీసేసింది, 2024లో 7 రీమిక్స్ అనే ఫ్రేమ్‌వర్క్‌ని తనలో కలిపేసుకుంది. దాంతో ఇప్పుడు డిక్లరేటివ్ (పేజీలు మార్చడం వరకే), డేటా (లోడర్లతో), ఫ్రేమ్‌వర్క్ (రీమిక్స్ తరహాలో) అని మూడు మోడ్‌లున్నాయి. సేవ్ చేయని ఫారం వదిలి వెళ్ళకుండా ఆపే యూజ్‌బ్లాకర్ లాంటివి డిక్లరేటివ్‌లో పనిచేయవు, అందుకే డాక్యుమెంటేషన్ చదివేటప్పుడు ఆ పేజీ ఏ మోడ్‌కి చెందిందో ముందు చూసుకోండి.

కొత్తగా మొదలుపెడుతుంటే నేరుగా డేటా మోడ్‌కి వెళ్ళిపోండి, నా మాట అదే. ఇప్పటికే 6లో ఉన్నవాళ్ళకి 7కి మారడం పాత మార్పులంత టెన్షన్ పెట్టదు. ముందు 6లోనే ఫ్యూచర్ ఫ్లాగ్‌లు (7లోని మార్పుల్ని ముందే తెచ్చే సెట్టింగులు) ఒక్కొక్కటిగా ఆన్ చేసి, ప్రతిసారీ యాప్ నడుస్తోందో లేదో చూసుకుని, అన్నీ అయ్యాక ప్యాకేజీ మార్చండి.