స్టీవ్ ఎర్ల్ గురువుల పాటలు: ‘టౌన్స్’ ముందా, ‘గై’ ముందా?

తనకు పాట రాయడం నేర్పిన ఇద్దరు టెక్సస్ గురువులు టౌన్స్ వాన్ జాంట్, గై క్లార్క్‌ల పాటలను అమెరికన్ కంట్రీ, ఫోక్ గాయకుడు స్టీవ్ ఎర్ల్ రెండు ఆల్బమ్‌లుగా పాడాడు, 2009లో ‘టౌన్స్’, 2019లో ‘గై’. ముందు ఏది వినాలి అంటే నేను ‘టౌన్స్’ అనే చెప్తాను.

టౌన్స్ వాన్ జాంట్ 1997లో పోయాడు. ఆయన పాటలు ఒక్క గిటార్‌తో పాడినప్పుడే సూటిగా గుండెకు తగులుతాయి, ఆ సంగతి తెలుసు కాబట్టే ఎర్ల్ చాలా పాటలకు ముందు న్యూయార్క్‌లోని తన ఇంట్లో ఒంటరిగా గిటార్, గొంతు రికార్డు చేసుకుని మిగతా వాయిద్యాలు తర్వాత చేర్చాడు. అందుకే ఎన్ని చేరినా ఆ ఒంటరితనం చెదరలేదు. ‘మిస్టర్ మడ్ అండ్ మిస్టర్ గోల్డ్’ తప్పకుండా వినండి: పేకాట కథ, పదాలు ఊపిరి తీసుకోనివ్వవు, దాన్ని కొడుకు జస్టిన్ టౌన్స్ ఎర్ల్‌తో కలిసి పాడాడు. అవును, కొడుక్కి గురువు పేరే పెట్టుకున్నాడు! ఈ ఆల్బమ్‌కు గ్రామీ కూడా వచ్చింది.

‘గై’ తీరు వేరు. కుర్రాడిగా కంట్రీ సంగీతానికి నిలయమైన నాష్‌విల్ వచ్చిన ఎర్ల్ గై క్లార్క్ బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించాడు, బహుశా అందుకేనేమో ఇక్కడ తన బ్యాండ్ ‘ది డ్యూక్స్’ మొత్తాన్నీ వెంటేసుకుని హుషారుగా పాడాడు. చివరి పాట ‘ఓల్డ్ ఫ్రెండ్స్’లో ఎమిలూ హారిస్, రాడ్నీ క్రోవెల్ లాంటి పాత నేస్తాలు గొంతు కలుపుతుంటే కళ్లు చెమరుస్తాయి. కాకపోతే కొన్ని పాటలు అసలుకు మరీ దగ్గరగా ఉండిపోయాయి, అవి గై గొంతులోనే నాకు ఎక్కువ ఇష్టం. నలుగురూ కలిసి కార్లో వెళ్తూ వినాలంటే మాత్రం ‘గై’ పెట్టండి.