స్టీరింగ్ వణుకు: వేగం మీద ఒకటి, బ్రేకు మీద ఇంకొకటి

బండి మామూలు ఫ్యామిలీ హ్యాచ్‌బ్యాక్. 165/80 ఆర్14 టైర్లు, ఇనుప రిమ్ములు, ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. విశాఖలోనే ఆరేళ్లు, 70,000 కిలోమీటర్ల పైమాట. మైలేజీ, ఏసీ సంగతులు అందరూ రాస్తున్నవే కాబట్టి వాటి జోలికి పోను. ఇది స్టీరింగ్ వణుకు గురించే: ఎందుకొస్తుంది, ఏ రిపేరు నిలిచింది, ఏది డబ్బు దండగ.

షెడ్డుకు వెళ్లి "స్టీరింగ్ ఊగుతోంది" అంటే ముందు అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేసేస్తారు. దానితో వణుకు పోదు. అలైన్‌మెంట్ తప్పితే బండి ఒక పక్కకు లాగుతుంది, టైరు ఒక అంచున అరుగుతుంది, అంతే. వణుకు ఎప్పుడు వస్తోందో ముందు మనమే పట్టుకోవాలి. టైర్లు చల్లగా ఉన్నప్పుడు డోరు స్టిక్కరు మీదున్నంత గాలి పెట్టి, తెల్లవారుజామున ఆనందపురం–అనకాపల్లి ఆరు వరసల రోడ్డెక్కితే అరగంటలో తేలిపోతుంది. వణుకు గంటకు 80 నుంచి 100 కిలోమీటర్ల మధ్య మొదలై, అది దాటాక తగ్గితే బ్యాలెన్సింగ్, అంటే చక్రం చుట్టూ బరువు సమానంగా లేకపోవడం. బ్రేకు తొక్కితేనే వస్తే డిస్కులు, అంటే ప్యాడ్లు నొక్కి పట్టుకునే ఇనుప పళ్లేలు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఊగి, కాలు తీయగానే ఆగితే డ్రైవ్ షాఫ్ట్ (ఇంజను శక్తిని చక్రానికి అందించే కడ్డీ) లోపలి జాయింటు. ఊపు చేతుల్లో కాక సీట్లో తెలిస్తే వెనక చక్రాలు చూడాలి.

80–100 దగ్గరే ఎందుకు? ఈ టైరు ఒక చుట్టుకు సుమారు 1.9 మీటర్లు పోతుంది. 90 వేగంలో సెకనుకు దాదాపు 13 చుట్లు. సస్పెన్షన్ మీద చక్రం సొంతంగా ఎగిరే లయ కూడా ఇంచుమించు అంతే కాబట్టి రెండూ కలిసి ఊపు పెరుగుతుంది. రిమ్ము అంచున 20 గ్రాములు తేడా ఉంటే, ఆ వేగంలో రెండున్నర కిలోల బరువు చక్రాన్ని సెకనుకు 13 సార్లు గుంజినట్టే. 20 గ్రాములంటే పెద్ద లెక్కేం కాదు. వానాకాలం భీమిలి వైపు వెళ్లొస్తే రిమ్ము లోపల అంతకంటే ఎక్కువ ఎర్రమట్టి ఎండి అతుక్కుంటుంది. అందుకే పైసా ఖర్చు పెట్టకముందు నాలుగు చక్రాల లోపలి వైపు పైపుతో గట్టిగా కడగండి. వణుకు సగం సార్లు అక్కడే పోతుంది.

బ్యాలెన్సింగ్ చేయిస్తుంటే పక్కనే నిలబడాలి. పాత సీసం ముక్కలు పీకి మొదలుపెట్టాలి. చక్రాన్ని మిషను మీద పట్టి ఉంచే కోను రిమ్ము నడిమి రంధ్రంలో సరిగ్గా కూర్చోవాలి. బరువులు కొట్టాక మళ్లీ తిప్పి రెండు పక్కలా సున్నా చూపించాలి. ఈ చివరి చుట్టు తిప్పకుండానే దించేసే షాపులు చాలా ఉన్నాయి. మిషను ఒక పక్కకు 60 గ్రాముల పైన అడిగితే కొట్టించుకోవద్దు. గాలి తీసి టైరును రిమ్ము మీద అర చుట్టు తిప్పించండి, చాలాసార్లు ఆ అంకె సగానికి పడిపోతుంది. చక్రం తిరిగేటప్పుడు రిమ్ము లోపలి అంచును గమనించండి. గోతిలో పడ్డ సొట్ట సాధారణంగా అక్కడే ఉంటుంది, బయటి నుంచి కనబడదు. టైరు మీద బుడిపె కనబడితే లోపలి తీగ పొర విడిపోయినట్టే. దానికి బ్యాలెన్సింగ్ మందు కాదు, టైరు మార్చాల్సిందే.

ఇక మన ఊరి అసలు జబ్బు తుప్పు. రుషికొండ, బీచ్ రోడ్డు పక్క ఉండేవాళ్ల బళ్లలో చక్రం విప్పితే హబ్బు (చక్రం బిగించే నడిమి దిమ్మ) ముఖం మీద పొక్కులుగా గోధుమరంగు పెచ్చు కనిపిస్తుంది. దాని మీదే డిస్కు, డిస్కు మీద రిమ్ము. పెచ్చు మందం 0.05 మిల్లీమీటర్లే ఉన్నా, హబ్బుకు డిస్కు వ్యాసం రెట్టింపు కాబట్టి డిస్కు అంచున ఊపు 0.10 అవుతుంది. ఒరిగిన డిస్కు ప్రతి చుట్టులో ఒకేచోట ప్యాడుకు తగిలి అక్కడ పలచబడుతుంది. మందంలో 0.02 తేడా చాలు, బ్రేకు తొక్కితే పెడలూ స్టీరింగూ కలిసి కొట్టుకుంటాయి. "డిస్కు వంగిపోయింది" అని షెడ్లలో అనేది చాలావరకు ఇదే. హబ్బు శుభ్రం చేయకుండా కొత్త డిస్కులు వేస్తే ఐదారు వేల కిలోమీటర్లకే వణుకు తిరిగొస్తుంది. ఈ బండిలో మొదటి జత డిస్కులు అలాగే పోయాయి. రెండో జతకు హబ్బును వైరు బ్రష్షుతో గీకి, 120 నంబరు గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, డయల్ గేజీ పెట్టి డిస్కు ఊపు 0.05 మిల్లీమీటర్ల లోపు ఉందని చూసి బిగించాక 30,000 కిలోమీటర్లు దాటినా మెత్తగా ఆగుతోంది. ప్యాడ్లు కూడా జతగా కొత్తవే వేయాలి. క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కు మీదకు నొక్కే భాగం) పిన్నులు ఉప్పుగాలికి పట్టేస్తాయి కాబట్టి వాటికి బ్రేకు గ్రీజే పూయాలి, మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది.

పాత డిస్కును లేతు మీద చెక్కించి సమం చేయించవచ్చు, కానీ దాని మీద గుద్దిన కనీస మందం కంటే కిందికి పోకూడదు. అరకు నుంచి దిగేటప్పుడు రెండో గేరులో ఇంజను పట్టు మీద రండి. బ్రేకులు కాగిపోయాక కింద ఆపి పెడల్ తొక్కిపెట్టి ఉంచితే ప్యాడు ముద్ర డిస్కు మీద పడి, అదే వణుకు మొదలవుతుంది.

చక్రాన్ని స్టీరింగుకు కలిపే టై రాడ్ ఎండ్, సస్పెన్షన్‌కు కలిపే బాల్ జాయింట్ సొంతంగా వణుకు పుట్టించడం తక్కువ, ఉన్నదాన్ని పెంచుతాయి. జాకీ మీద చక్రాన్ని పక్కల పట్టుకుని ఆడిస్తే కదిలేది టై రాడ్, పైనా కిందా పట్టుకుంటే కదిలేది బాల్ జాయింటు లేదా బేరింగు.

నట్లు ఎయిర్ గన్నుతో ఒక్కసారే బిగించనివ్వకండి. ముందు చేత్తో, తర్వాత ఎదురెదురుగా, చివర టార్క్ రెంచితో మాన్యువల్‌లో ఉన్నంతే. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి పట్టి చూడండి.